వేడిని సాగనంపే విద్య

(పీఠిక)

ఇంటి కంప్యూటరుకి సొంతంగా, నీళ్ళని చల్లబరిచే చిల్లర్ కట్టుకోవడం గురించి తెలుగులో ఒక పుస్తకం రావడం, అదీ జంషెడ్‌పూర్ నుంచి రావడం నాకు పండగలా ఉంది. రచయిత కదమాలో మా వీధి కుర్రాడు. వాళ్ళ తాతగారూ నేనూ స్టీల్ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసు కూలింగ్ నీళ్ళ దగ్గర కలిసి పనిచేసినవాళ్ళం. ఆయన ఇప్పుడు లేరు. మనవడు రాతప్రతి తెచ్చి నా చేతిలో పెట్టి, "తాతగారూ, మీరు చదివి, బాగుందంటేనే అచ్చుకిస్తాను" అన్నాడు. చదివాను. బాగుందని రెండు ముక్కలు రాసి ఊరుకోబుద్ధి కాలేదు. ఎందుకు బాగుందో కూడా చెప్పాలనిపించింది.

ఈ ఊరు నీళ్ళ వల్ల పుట్టింది. 1907 చివర్లో కర్మాగారానికి సాక్చీ పల్లె దగ్గర చోటు ఖాయం చేసినప్పుడు ఖనిజం ఎంత దూరం, రైలు ఎంత దూరం అన్న లెక్కలతో పాటు సువర్ణరేఖ, ఖర్కాయీ కలిసే చోటు అక్కడికి దగ్గర్లో ఉండడం కూడా చూశారు. 1911 డిసెంబరులో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగింది. 1912 ఫిబ్రవరి 16న మొదటి ఉక్కు దిమ్మ తయారైంది. ఊరు పెరిగాక ఆ నీళ్ళూ చాలక డిమ్నా దగ్గర ఆనకట్ట కట్టారు. ఉక్కు ఊరంటే అందరికీ నిప్పే గుర్తొస్తుంది. లోపల పనిచేసినవాళ్ళకి మాత్రం నిప్పుకన్నా ముందు నీళ్ళు గుర్తొస్తాయి.

ఫర్నేసు కింది భాగంలో చుట్టూ ట్వీయర్లుంటాయి. 1,100, 1,200 డిగ్రీల వేడిగాలి వాటిలోంచే లోపలికి పోతుంది. ట్వీయరు ముక్కు ఎదుట మంట 2,000 డిగ్రీలు దాటి ఉంటుంది. ట్వీయరుని చేసేది రాగితో. రాగి 1,085 డిగ్రీలకే కరుగుతుంది. మరి ఆ ముక్కు అక్కడ ఎలా నిలబడుతోంది? దాని లోపల నీళ్ళు ఒక్క క్షణం ఆగకుండా పరుగెడుతుంటాయి కనక. అవి ఐసు నీళ్ళు కావు. బయటికొచ్చే గొట్టం మీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా తగులుతాయి, అంతే. కానీ ప్రవాహం మందగించిందంటే లోహం గోడకి ఆవిరి పొర కట్టేస్తుంది. ఆ పొర వేడిని నీళ్ళలోకి పోనివ్వదు. చూస్తుండగానే రాగికి కన్నం పడుతుంది. నీళ్ళు ఫర్నేసులోకి కారడం మొదలైతే పైనుంచి వచ్చే గ్యాసులో హైడ్రోజన్ పెరుగుతుంది. కంట్రోల్ రూములో ఆ అంకె చూసి లీకుని పసిగడతారు. నీళ్ళ దగ్గర మాకు నేర్పిన మొదటి పాఠం ఇదే: నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయని తర్వాత చూడు, ముందు అవి కదులుతున్నాయో లేదో చూడు.

ఈ కుర్రాడి పుస్తకంలో మొదటి అధ్యాయం చదువుతుంటే ఆ పాఠమే కనపడింది. ఎవరు నేర్పారో నాకు తెలుసు.

కంప్యూటరు చిప్పు వేడిని ఫర్నేసు వేడి పక్కన పెట్టి నవ్వేసే పాఠకులు ఉంటారు. వాళ్ళు రెండో అధ్యాయంలోని లెక్క చూడాలి. ఇంటెల్ 2022లో తెచ్చిన 13900కే ప్రాసెసరు పూర్తి జోరులో 253 వాట్లు తీసుకుంటుంది. ఆ చిప్పు వైశాల్యం సుమారు 2.5 చదరపు సెంటీమీటర్లు. అంటే చదరపు సెంటీమీటరుకి 100 వాట్లు. బట్టలకి వాడే 1,000 వాట్ల ఇస్త్రీ పెట్టె అడుగుపళ్ళెం మీద అదే లెక్క వేస్తే 5 వాట్లు తేలుతుంది. గోరంత చోట పుట్టే ఈ వేడిని అప్పటికప్పుడు తీసెయ్యకపోతే చిప్పు 100 డిగ్రీలకి చేరి తన వేగం తానే తగ్గించుకుంటుంది. పెద్ద గ్రాఫిక్స్ కార్డయితే ఒక్కటే 450 వాట్లు మింగేది ఉంది.

రచయిత మెటలర్జీ విద్యార్థి. పోతపోసిన లోహం గట్టిపడేటప్పుడు లోపల ఏం జరుగుతుందో కంప్యూటరు మీద లెక్క కట్టడం అతని పని. ఒక్కో లెక్క రాత్రంతా నడుస్తుంది. వాళ్ళ గది పై అంతస్తులో, తిన్నగా డాబా కింద. మే నెలలో లూ అనే వడగాలి వీచే రోజుల్లో ఆ గదిలో సాయంత్రానికి కూడా 40 డిగ్రీలు తగ్గదు. ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఫ్యానూ రేడియేటరూ పెట్టి ఎంత మంచి వాటర్ కూలింగ్ చేసినా నీళ్ళు గది వేడికన్నా కిందికి దిగవు. గదిలో 40 ఉంటే నీళ్ళు 48, 50 దగ్గర ఆగుతాయి. నీటికీ చిప్పుకీ మధ్య ఇంకో 40, 45 డిగ్రీల తేడా తప్పదు. రెండూ కలిపితే 95. ఇంకాస్త ఎక్కితే చాలు, అర్ధరాత్రి లెక్క సగంలో కంప్యూటరు నత్తనడక పడుతుంది. ఈ చిల్లర్ సరదాకి పుట్టింది కాదు. అతని చదువుకి అవసరమై పుట్టింది.

కట్టిన పద్ధతి చెబుతాను. జుగ్సలాయ్‌లో పాత సామాను కొట్టు నుంచి ఒక టన్ను విండో ఏసీ తెచ్చాడు. దాని ముందు జాలీ, లోపలి ఫ్యాను తీసేశాడు. గదిలోకి చల్లగాలి పంపే కాయిల్‌ని, రాగి గొట్టాలు నలగకుండా కొంచెం కొంచెంగా వంచి, మూత ఉన్న పెద్ద ఐసు పెట్టెలో 40 లీటర్ల నీళ్ళలో ముంచాడు. వేడిని బయటికి వదిలే కాయిల్ కిటికీ బయటే ఉంది. పెట్టెలోంచి పంపు నీళ్ళని చిప్పు మీద కూర్చున్న రాగి దిమ్మకి పంపుతుంది. అక్కడి నుంచి గ్రాఫిక్స్ కార్డు మీదికి వెళ్ళి, మళ్ళీ పెట్టెకి చేరుతాయి. ఆ రాగి దిమ్మని బజార్లో కొనలేదు. ఆదిత్యపూర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో మిల్లింగ్ చేయించాడు. చిప్పుకి ఆనే ముఖాన్ని మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. అద్దం పలక మీద ఎమరీ కాగితం పరిచి, 400 నంబరుతో మొదలుపెట్టి 2000 దాకా తానే అరగదీశాడు. ఆ దిమ్మని నాకు చూపించాడు. కిటికీ వెలుగులో పట్టుకుంటే నా కళ్ళద్దాల ఫ్రేము అందులో స్పష్టంగా కనిపించింది. దాని వెనక వైపు ఒక మిల్లీమీటరు ఎడంతో కోసిన రెక్కల మధ్య ఎక్కడా గరుకు అంచు, మా షాపు మాటలో బర్రు, లేదు. పాత ఫిట్టర్ని, వేలితో తడిమి చూశాను.

ఇక్కడ ఒక లెక్క ఈ పుస్తకానికే వన్నె తెచ్చింది. ఒక టన్ను ఏసీ అంటే సుమారు 3.5 కిలోవాట్ల వేడిని తోడెయ్యగలదు. కంప్యూటరు పుట్టించేది అర కిలోవాటు. ఇంత చిన్న పనికి అంత పెద్ద కంప్రెసరుని పెడితే క్షణాల్లో చల్లబరిచి ఆగుతుంది, మళ్ళీ క్షణాల్లో మొదలవుతుంది. అలా ఆగి మొదలైతే కంప్రెసరు ఎంతో కాలం బతకదు. ఆగాక లోపలి ఒత్తిళ్ళు సర్దుకోవడానికే దానికి కనీసం మూడు నిమిషాలు కావాలి. అందుకే 40 లీటర్ల నీళ్ళు. 500 వాట్ల వేడికి అన్ని నీళ్ళు ఒక డిగ్రీ ఎక్కడానికి అయిదున్నర నిమిషాలు పడుతుంది. థర్మోస్టాట్‌ని 5 డిగ్రీల ఎడంతో పెడితే కంప్రెసరు ఓ అయిదు నిమిషాలు నడిచి, దగ్గర దగ్గర అరగంట విశ్రాంతి తీసుకుంటుంది. కరెంటు ఖర్చు కూడా ఆ మేరకే. 40 లీటర్లు ఎందుకో, 4 లీటర్లు ఎందుకు చాలవో చేసి చూపించే పుస్తకాలు అరుదు. చాలామంది ఇంత పెట్టండి అని చెప్పి ఊరుకుంటారు.

నీళ్ళనే ఎందుకు వాడాలి అన్నదానికి కూడా లెక్కే జవాబు. ఒకే ఘనపరిమాణం తీసుకుంటే నీళ్ళు గాలికన్నా సుమారు 3,500 రెట్లు వేడిని మోస్తాయి. నిమిషానికి 4 లీటర్లు పారితే 500 వాట్ల వేడి ఎక్కినా నీళ్ళ ఉష్ణోగ్రత 2 డిగ్రీలు కూడా పెరగదు.

అసలు ఈ పుస్తకానికి ప్రాణం అయిదో అధ్యాయం. దాన్ని ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాడు తప్ప ఇంకొకరు రాయలేరు. చిల్లర్ ఉంది కదా అని నీళ్ళని 5 డిగ్రీలకి దించాలని ఎవరికైనా ఉంటుంది. దించితే ఏమవుతుంది? గాలిలోని తేమ చల్లటి గొట్టం మీద, రాగి దిమ్మ మీద, దాని చుట్టూ మదర్‌బోర్డు మీద బొట్లు కడుతుంది. ఎంత చల్లదనానికి బొట్టు కడుతుందన్నది గాలిలో ఎంత తేమ ఉందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. బొట్టు కట్టే ఆ ఉష్ణోగ్రతనే డ్యూ పాయింట్ అంటారు. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలుండి, తేమ 15 శాతమే ఉన్న రోజున డ్యూ పాయింట్ 10 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంటే నీళ్ళని హాయిగా 18, 20కి దించుకోవచ్చు, ఒక్క బొట్టు పడదు. అదే జులైలో, దల్మా కొండ మీద మబ్బులు దిగి గాలి 30 డిగ్రీలుండి తేమ 80 శాతమున్న రోజున డ్యూ పాయింట్ 26 దాటుతుంది. ఆ రోజున 20 డిగ్రీల నీళ్ళు పంపితే కంప్యూటరు లోపల వాన కురిసినట్టే.

అందుకని ఇతను ఒక్క అంకె పెట్టి వదిలెయ్యలేదు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు ఒకటి, పొడిది ఒకటి వరండాలో వేలాడదీసి, ఏడాది పొడుగునా రోజూ రాసుకున్నాడు. ఏ నెలలో నీళ్ళని ఎంత దాకా దించవచ్చో ఆ పట్టిక ఇచ్చాడు. మేలో 20, జులైలో 28. వర్షాకాలంలో ఈ చిల్లర్ నీళ్ళని గది గాలికన్నా రెండు మూడు డిగ్రీలకి మించి చల్లబరచకూడదని, అప్పుడు దాన్ని ఆపేసి మామూలు రేడియేటరుతో నడుపుకోవడమే తెలివని తానే రాశాడు. ఇంత కష్టపడి కట్టినవాడు, తన కట్టడం ఏడాదిలో ఎన్ని నెలలు పనికిరాదో దాచకుండా రాశాడు. ఈ నిజాయితీ నాకు చిల్లర్ కన్నా ఎక్కువ నచ్చింది.

అక్కడితో ఆగలేదు. మే నెల గాలి అంత పొడిగా ఉన్నప్పుడు కంప్రెసరు దేనికి, మన వరండాలో గడ్డి పలకల కూలరు నీళ్ళే చాలవా అని అడిగాడు. లెక్క చూస్తే చాలుతాయి. 42 డిగ్రీలు, 15 శాతం తేమలో తడిబల్బు ఉష్ణోగ్రత, అంటే తడిగుడ్డ థర్మామీటరు చూపే అంకె, 22 దగ్గర ఉంటుంది. కూలరు తొట్టిలో నీళ్ళు 24, 25కి దిగుతాయి. అయితే అవి కుళాయి నీళ్ళు. ఆవిరైనకొద్దీ ఉప్పు పేరుకుంటుంది. తిన్నగా రాగి దిమ్మలోకి పంపితే ఆ సన్నటి రెక్కల మధ్య పొలుసు కట్టేస్తుంది. అందుకని మధ్యలో ఒక హీట్ ఎక్స్‌ఛేంజరు పెట్టి, చిప్పు వైపు డిస్టిల్డ్ వాటర్ మాత్రమే తిప్పాలని చెప్పాడు. ఫర్నేసు దగ్గర పొలుసుతో మేం పడ్డ పాట్లు తెలిసినవాణ్ణి కాబట్టి ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగాను. చిల్లర్ కట్టడానికి చేతిలో 40,000 రూపాయలు లేని పిల్లలకి ఈ కూలరు అధ్యాయమే ఉపయోగపడుతుంది. దాన్ని అనుబంధంలో కాకుండా పుస్తకం మధ్యలో పెట్టడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

ప్రపంచ చరిత్ర కూడా కొంత చెప్పాడు. 1976లో వచ్చిన క్రే-1 సూపర్ కంప్యూటరుని ఫ్రియాన్‌తో చల్లబరిచేవారు. 1985 నాటి క్రే-2లో బోర్డులన్నిటినీ కరెంటు ప్రవహించని ద్రవంలో ముంచేశారు. 1981లో స్టాన్‌ఫర్డ్‌లో టకర్‌మన్, పీస్ అనే ఇద్దరు సిలికాన్‌లోనే వెంట్రుకంత కాలువలు చెక్కి నీళ్ళు పారించి, చదరపు సెంటీమీటరుకి 790 వాట్ల దాకా తీసెయ్యవచ్చని చూపించారు. వీటన్నిటికన్నా నన్ను పట్టి ఆపింది 2010లో జూరిచ్‌లో ఐబీఎం వాళ్ళు కట్టిన అక్వాసర్. దాన్ని చల్లబరచడానికి వాడిన నీళ్ళు 60 డిగ్రీల వేడివి! వేడి నీళ్ళతోనే చిప్పులని కాపాడి, ఇంకా వేడెక్కి బయటికొచ్చిన ఆ నీళ్ళతో భవనాలని వెచ్చబరిచారు. కాలువలు సన్నగా ఉండి, ప్రవాహం సరిగ్గా ఉంటే నీళ్ళకీ చిప్పుకీ మధ్య తేడా చాలా తక్కువతోనే పని జరుగుతుంది. మా ట్వీయర్లకి తెలిసిన సంగతే, జూరిచ్‌లో చక్కటి గణితంతో రుజువైంది.

భద్రత విషయంలో ఇతని జాగ్రత్త చూసి వాళ్ళ తాత గుర్తొచ్చారు. ఫర్నేసుకి పంపులు ఆగిపోతే ఎత్తున ఉన్న ట్యాంకు నుంచి నీళ్ళు వాటంతట అవే దిగేలా ఏర్పాటుంటుంది. కరెంటు పోయినా ట్వీయరుకి నీళ్ళు ఆగకూడదు. ఇతను గొట్టం దారిలో ఒక ఫ్లో స్విచ్ పెట్టాడు. నీళ్ళ కదలిక ఆగగానే కంప్యూటరు తనంతట తాను ఆగిపోతుంది. చిప్పుకి కరెంటు కలపకముందే, ప్రతి జాయింటు కింద టిష్యూ కాగితం పెట్టి, పంపు ఒక్కటే 24 గంటలు నడిపి చూడమంటాడు. కాగితం మీద చుక్కంత తడి కనిపించినా జాయింటు విప్పి మళ్ళీ బిగించాల్సిందే. అల్యూమినియం రేడియేటరునీ రాగి దిమ్మనీ ఒకే నీళ్ళలో కలపొద్దని, కలిపితే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుందని పెద్ద అక్షరాల్లో రాశాడు. మంచి పని చేశాడు.

నాకు నచ్చనివీ ఉన్నాయి. పెద్దవాడిగా అవీ చెప్పాలి. నీళ్ళలో నీలం, ఎరుపు రంగులు కలుపుకోవచ్చని ఒకచోట రాశాడు. నేను ఒప్పుకోను. రంగు నెమ్మదిగా రెక్కల మధ్య పేరుకుని ప్రవాహాన్ని అడ్డుకుంటుంది. చూపుకి బాగుంటుందనే కారణం ఒక్కటీ చాలదు. రెండో ముద్రణలో ఆ పేరా తీసేస్తానని నాకు మాటిచ్చాడు. ఏసీలోని గ్యాసు గురించి ఇంకా వివరంగా రాయాల్సింది. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 ఓజోన్ పొరకి హాని చేస్తుంది. కొత్తవాటిలో వచ్చే ఆర్-32 అంటుకునే గుణం ఉన్నది. కాయిల్ వంచేటప్పుడు గొట్టం పగిలితే ఏం చెయ్యాలో ఒక పేజీ అయినా ఉండాలి.

ఈ పుస్తకం తెలుగులో రావడం గురించి ఒక మాట. శ్రీకాకుళం, విజయనగరం, గంజాం వైపు నుంచి రైలెక్కి ఇక్కడికొచ్చిన తరం మా ముందుది. బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకున్నారు, కదమాలో ఆంధ్రా అసోసియేషన్ బడి నిలబెట్టుకున్నారు. మా పిల్లలకి తెలుగు మాట్లాడడం వచ్చింది, చదవడం సగం సగం వచ్చింది. మనవల తరంలో హిందీ, ఇంగ్లీషుల్లోనే అంతా. ఈ కుర్రాడికి అక్షరాలు దిద్దించింది నాయనమ్మ. అతని వాక్యాలు అక్కడక్కడ తడబడతాయి. సున్నలూ ఒత్తులూ నేను కొన్ని సరిచేశాను. కానీ పంపూ, వాల్వూ, గాస్కెట్టూ, బర్రూ అంటూ షాపులో మనం మాట్లాడుకునే మాటల్లోనే అన్నీ చెప్పాడు. ఆ మాటల జోలికి నేను పోలేదు. పొమ్మన్నా పోను. పని చేసే చేతి నుంచి వచ్చిన తెలుగు అది.

ఈ పుస్తకాన్ని ఇంజనీరింగు, పాలిటెక్నిక్, ఐటీఐ పిల్లలందరూ చదవాలి. చిల్లర్ కట్టకపోయినా ఫరవాలేదు. వేడి ఎక్కడ పుడుతోంది, ఎటు పోతోంది, ఎంత పోతోంది అని కాగితం మీద లెక్క వేసే అలవాటు వస్తుంది. బంధువుల పిల్లలకి పుట్టినరోజు కానుకగా ఏమివ్వాలా అని చూసేవాళ్ళు ఇది ఇవ్వండి.

కట్టదలచినవాళ్ళకి మాత్రం పెద్దవాడిగా నాలుగు మాటలు. ముందు ఇంటి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. నీళ్ళూ కరెంటూ ఒకే పెట్టె దగ్గర ఉంటాయి కాబట్టి కరెంటు లీకవగానే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ లేకుండా స్విచ్ వెయ్యకండి. గ్యాసు గొట్టం కొయ్యడం, అతకడం మీ చేతులతో చెయ్యకండి, తెలిసిన ఏసీ మెకానిక్‌ని పిలవండి. వర్షాకాలం మొదలవగానే థర్మోస్టాట్ అంకె మార్చండి. పట్టిక పుస్తకం చివరి పేజీలో ఉంది, చింపి గోడకి అంటించుకోండి.

చిరంజీవికి నా ఆశీస్సులు.

కదమా, జంషెడ్‌పూర్